తేనెటీగ కణంలో శక్తి దొంగ

శ్రోతలకు నమస్కారం.

పెట్టె నిండా తేనె ఉన్నా ఈగలు ఆకలితో అలమటించే జబ్బు ఒకటి ఉంది. దానికి కారణం నొసీమా సెరానే అనే సూక్ష్మ పరాన్నజీవి. 1996లో శాస్త్రజ్ఞులు దీనిని ఆసియా జాతి తేనెటీగలో గుర్తించి వర్ణించారు. మరో పదేళ్లు తిరిగేసరికి, ప్రపంచమంతటా పెంచే ఐరోపా తేనెటీగలో కూడా ఇది స్పెయిన్, తైవాన్‌లలో బయటపడింది. శిలీంధ్రాలకు దగ్గరి చుట్టాలైన మైక్రోస్పోరిడియా వర్గానికి చెందిన జీవి ఇది. మన హిందూపురం పట్టు రైతులు భయపడే పెబ్రిన్ తెగులు కూడా ఈ వర్గం పనే.

ఈగ శరీరం బయట ఇది బీజంగా ఉంటుంది. మిల్లీమీటరులో 200వ వంతుకు మించని ఆ బీజానికి కైటిన్‌తో గట్టిపడిన గోడ, దాని లోపల సుమారు 20 చుట్లు చుట్టుకొని ఉన్న సన్నని గొట్టం ఉంటాయి. తేనెపట్టును శుభ్రం చేసే ఈగలు దీనిని మింగుతాయి. నోటి నుంచి నోటికి అందించుకొనే ఆహారం ద్వారా కూడా ఇది వ్యాపిస్తుంది. జీర్ణాశయం మధ్యభాగానికి చేరగానే బీజంలోకి నీరు చొరబడి పీడనం విపరీతంగా పెరుగుతుంది. లోపల నిల్వ ఉన్న ట్రెహలోజ్ అనే చక్కెర చిన్న అణువులుగా విడిపోవడమే నీటిని లాగుతుందని ఒక వివరణ. అప్పుడు గోడ పలుచగా ఉన్న కొస పగిలి, చొక్కా చేతిని తిరగేసినట్లుగా ఆ గొట్టం లోపలి వైపు వెలుపలికి తిరుగుతూ రెప్పపాటులో దూసుకువచ్చి పక్కనున్న కణంలో దిగబడుతుంది. బీజంలోని జీవపదార్థమంతా, కేంద్రకంతో సహా, ఆ ఇరుకు దారిలోంచే ఈగ కణంలోకి జారుకుంటుంది.

ఇంత ఆర్భాటంగా ప్రవేశించిన ఈ జీవి నిజానికి నిరుపేద. 2009లో వెలువడిన దీని జన్యుక్రమం ముసాయిదాలో కనిపించినవి సుమారు 2,600 ప్రోటీన్ జన్యువులే. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా దీనికి లేదు, దాని అవశేషం మాత్రమే మిగిలింది. అందుచేత తన పొరపై ఉన్న రవాణా ప్రోటీన్ల ద్వారా ఈగ కణం తయారుచేసుకున్న ఏటీపీ అనే శక్తినిచ్చే అణువును నేరుగా లాక్కుంటుంది. పైగా, జబ్బుపడిన కణం తనంతట తాను చచ్చి రాలిపోకుండా ఆ స్వయంమరణ ప్రక్రియను అణచివేస్తుంది. ఇల్లు కూలితే దొంగకూ నష్టమే కదా! ఫలితంగా ఈగ ఎక్కువ చక్కెర నీరు తాగినా దాని రక్తద్రవంలో చక్కెర తగ్గిపోతుంది, ఈడు రాకముందే మేతకు బయలుదేరుతుంది. అందుకే దీనిని విరేచనాల జబ్బుగా కాక ఆకలి జబ్బుగా చూడడమే సరియని నా అభిప్రాయం.

చాలాకాలంగా వాడుతున్న ఫ్యుమాజిలిన్ అనే మందు పరాన్నజీవికి అత్యవసరమైన ఒక ఎంజైమును అడ్డుకుంటుంది గాని, ఆ ఎంజైము ఈగలోనూ ఉంది. మందు మోతాదు పలుచబడినప్పుడు బీజాల సంఖ్య మందు వేయని ఈగలలో కన్నా ఎక్కువగా పెరిగినట్లు 2013లో ప్రయోగశాలలో తేలింది. దీనికన్నా ఆశాజనకమైన దారి 2010లోనే కనిపించింది. ఏటీపీని లాక్కునే ఆ రవాణా ప్రోటీన్ల జన్యువులకు సరిపోయే జంటపోగుల ఆర్‌ఎన్‌ఏ అనే జన్యుపదార్థాన్ని పరిశోధకులు చక్కెర పాకంలో కలిపి ఈగలకు తాగించగా, పరాన్నజీవిలో ఆ జన్యువుల పని మందగించింది, బీజాలు తగ్గాయి, ఈగల ఆకలి కూడా కొంత శాంతించింది.