సెమీస్‌లో ఓడిన ఇద్దరు

శ్రోతలకు నమస్కారం.

బ్యాడ్మింటన్‌లో నాకు బాగా నచ్చే పద్ధతి ఒకటుంది. చాలా పోటీల్లో సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ కాంస్య పతకం ఇచ్చేస్తారు. ఓటమి బాధతో ఉన్నవాళ్లను మూడో స్థానం కోసమని మళ్లీ కోర్టులోకి దించరు. ఒలింపిక్స్‌లో దించుతారు, ఆ సంగతి వేరు. ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్‌లో మాత్రం ఇద్దరికీ పతకమే. పందొమ్మిదేళ్ల లోపు పిల్లల మీద ఆమాత్రం దయ ఉండాలి కదా!

ఈ పద్ధతి వల్ల 2010లో మన దేశానికి ఒకే విభాగంలో రెండు పతకాలు వచ్చాయి. ఆ ఏడాది పోటీలు మెక్సికోలోని గ్వాదలహారాలో జరిగాయి. ఆ నగరం సముద్ర మట్టానికి పదిహేను వందల మీటర్లకు పైన ఉంటుంది. అంత ఎత్తున గాలి పలచన. మామూలు షటిల్‌ను అలవాటైన జోరుతో కొడితే వెనక గీత దాటిపోతుంది. అందుకే షటిల్ వేగాన్ని ముందే చూసుకోవాలి. కోర్టు వెనక గీత దగ్గర నిలబడి, కింది నుంచి పైకి బలంగా కొడితే, అది అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. లెక్క అంత కచ్చితం. మన ఊళ్లలో రాత్రిపూట లైట్లు కట్టుకుని ఆడేవాళ్లు షటిల్ ఈకల కొసలను వేళ్లతో వంచడం మీరు చూసే ఉంటారు. బయటికి వంచితే నెమ్మదిస్తుంది, లోపలికి వంచితే పరుగు తీస్తుంది.

గ్వాదలహారాలో బాలుర సింగిల్స్ సెమీస్ చేరిన నలుగురిలో ఇద్దరు మనవాళ్లు. ఒకరు హైదరాబాద్ కుర్రాడు సాయి ప్రణీత్, మరొకరు తిరువనంతపురం నుంచి వచ్చిన ప్రణయ్. ఇద్దరికీ పదిహేడేళ్లే. ఇద్దరూ గోపీచంద్ అకాడమీలో తర్ఫీదు పొందినవాళ్లే. సెమీస్‌లో ఇద్దరూ ఓడారు. ఫైనల్లో కొరియాకు చెందిన కాంగ్ జి-వూక్‌ను ఓడించి, డెన్మార్క్ కుర్రాడు విక్టర్ ఆక్సెల్సెన్ పదహారేళ్లకే టైటిల్ గెలిచాడు. యూరప్ నుంచి ఆ టైటిల్ గెలిచిన మొదటి బాలుడు అతనే.

మరి మన ఇద్దరు ఏమయ్యారు? తొమ్మిదేళ్లు గడిచాక, 2019లో, బాసెల్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో సాయి ప్రణీత్ కాంస్యం గెలిచాడు. 1983లో ప్రకాశ్ పదుకొనే తర్వాత పురుషుల సింగిల్స్‌లో మనకు పతకం రావడానికి 36 ఏళ్లు పట్టింది. అదే పోటీల్లో సింధు బంగారం గెలవడంతో పత్రికల్లో ప్రణీత్ కాస్త పక్కకు జరిగాడు. నాకైతే ఇప్పటికీ ఆ వెలితి ఉంది.

ప్రణయ్ ఇంకా నాలుగేళ్లు ఆగాల్సి వచ్చింది. 2023లో కోపెన్‌హాగన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, క్వార్టర్ ఫైనల్లో, ఎదుట నిలిచింది అదే ఆక్సెల్సెన్. ఇప్పుడతను ఒలింపిక్ విజేత, ప్రపంచ చాంపియన్, పైగా సొంత జనం మధ్య ఆడుతున్నాడు. మొదటి గేమ్ 13-21తో పోయింది. తర్వాతి రెండూ 21-15, 21-16తో ప్రణయ్ లాక్కున్నాడు. సెమీస్‌లో థాయిలాండ్‌కు చెందిన కున్లావుత్ చేతిలో ఓడాడు. ఈ కున్లావుత్ ఎవరనుకున్నారు? 2017 నుంచి వరసగా మూడేళ్లు జూనియర్ ప్రపంచ విజేత. 2018 సెమీస్‌లో మన లక్ష్య సేన్‌ను కాంస్యంతో ఆపింది కూడా అతనే.

అలాగని జూనియర్ పతకం లేకపోతే పైకి రాలేరని కాదు. మన సింధుకు ప్రపంచ జూనియర్ పతకమే లేదు, ఆసియా జూనియర్ టైటిల్ మాత్రం ఉంది.

ఇక బంగారం సంగతి. ప్రపంచ జూనియర్ సింగిల్స్‌లో మనకు దక్కింది ఒక్కటే. 1996లో అపర్ణా పోపట్ రజతం తెచ్చింది. 2006లో సైనా నెహ్వాల్‌దీ రజతమే. 2008లో పూణేలో సైనా ఆ లోటు తీర్చుకుంది. ఫైనల్లో జపాన్ అమ్మాయి సయాకా సాతోను 21-9, 21-18తో ఓడించింది. అక్కడే మన గురుసాయిదత్ కాంస్యం అందుకున్నాడు. బాలుర రజతాలు తర్వాత రెండు వచ్చాయి. 2015లో లిమాలో హైదరాబాద్ కుర్రాడు సిరిల్ వర్మది, 2022లో శంకర్ ముత్తుసామిది. బాలికల్లో మాత్రం పదిహేడేళ్లు ఒక్క పతకమూ లేదు.

2025 అక్టోబరులో పోటీలు గువాహటికి వచ్చాయి. గేమ్‌కు 21 పాయింట్ల బదులు 15 పాయింట్లే. కాస్త ఆలోచించుకునేలోపు గేమ్ చేజారిపోయే లెక్క. ముందుగా మిక్స్‌డ్ టీమ్ పోటీ క్వార్టర్ ఫైనల్లో కొరియాతో 45 పాయింట్ల మొదటి సెట్ 44-45తో, ఒకే ఒక్క పాయింట్ తేడాతో పోగొట్టుకుని కూడా మన పిల్లలు గెలిచి, దేశానికి ఆ విభాగంలో తొలి పతకం, కాంస్యం తెచ్చారు. తర్వాత బాలికల సింగిల్స్‌లో పంజాబ్‌లోని హోషియార్‌పూర్ అమ్మాయి తన్వి శర్మ, సెమీస్‌లో చైనాకు చెందిన లియు సియాను ఓడించి ఫైనల్ చేరింది. ఫైనల్లో థాయిలాండ్ అమ్మాయి అన్యాపత్ 15-7, 15-12తో గెలిచింది. తన్వికి రజతం, లియు సియాకు ఇంకో మ్యాచ్ ఆడకుండానే కాంస్యం.

పూణేలో సైనా బంగారు పతకం మెడలో వేసుకున్న రోజుకు తన్వి ఇంకా పుట్టలేదు. ఆ తర్వాత రెండు నెలలు తిరగకుండానే పుట్టింది.

సెలవు.