పెళ్లికి విశాఖ వస్తున్నారా? ముహూర్తానికీ ముహూర్తానికీ మధ్య ఏం చూడవచ్చు, ఎక్కడ తినవచ్చు

వీక్షకులకు నమస్కారం. విశాఖపట్నంలో పెళ్లి అని శుభలేఖ అందగానే బయటి ఊళ్ల బంధువులు మొదట అడిగేది మండపం ఎక్కడ అని కాదు, అక్కడి నుంచి బీచ్ ఎంత దూరమని. ఆ ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను. అయితే విహారయాత్రకు వచ్చినవారి కోసం తయారైన జాబితాలు పెళ్లికి వచ్చినవారికి అంతగా పనికిరావు. ఎదుర్కోలు, స్నాతకం, ముహూర్తం, అప్పగింతలు పోగా, పెద్దల పిలుపులకు హాజరు కావడం పోగా, మిగిలిన గంటలే మీ సొంతం. అందుకే ఈ రివ్యూలో ఊళ్లోని ప్రదేశాలకు అందాన్ని బట్టి కాక, పెళ్లి నడుమ దొరికే తీరికలో అవి ఎంతవరకు ఇముడుతాయన్న దాన్ని బట్టి మార్కులు వేస్తున్నాను.

ముందుగా శుభలేఖలో రెండు సంగతులు చూసుకోండి. ఒకటి ముహూర్తం సమయం, రెండవది మండపం ఉన్న దిక్కు. విశాఖ సముద్రం వెంబడి పొడుగ్గా సాగిన నగరం. ఉత్తరాన రుషికొండ, దాని అవతల భీమిలి; దక్షిణాన గాజువాక, ఉక్కు కర్మాగారం; మధ్యలో పాత పట్టణం, హార్బరు, దానికి అడ్డంగా డాల్ఫిన్స్ నోస్ కొండ. గాజువాకలో పెళ్లి ఉన్నవారు భీమిలి చూసి వద్దామని సాయంత్రం బయలుదేరితే ఊరు మొత్తం దాటి వెళ్లి, మళ్లీ ఊరు మొత్తం దాటి రావాలి. అటువంటివారికి కొండ దాటితే వచ్చే యారాడ తీరం దగ్గర. మధురవాడ, రుషికొండ వైపు మండపమైతే భీమిలి దారి మీ గుమ్మం ముందున్నట్టే.

ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే పగలంతా మీదే కనుక ఆ రోజును తెల్లవారుజామునే మొదలుపెట్టమని నా సలహా. మనది తూర్పు తీరం. గోవా, ముంబై వైపు నుంచి వచ్చిన మిత్రులు సాయంకాలం కెమెరా పట్టుకుని సూర్యాస్తమయం కోసం సముద్రం వైపు చూస్తూ నిలబడతారు. సూర్యుడేమో వారి వీపు వెనుక కొండల చాటుకు దిగిపోతాడు. ఇక్కడ చూడవలసింది సూర్యోదయం. ఆ వేళ ఆర్.కె. (రామకృష్ణ) బీచ్ దగ్గర రోడ్డు మీద వాహనాలను ఆపుతారు కాబట్టి నడిచేవారికి, చిన్నపిల్లలకు మంచి వీలు. నడక అయ్యాక టిఫిను కోసం పేరున్న వెంకటాద్రి వంటిల్లుకు వెళ్లవచ్చు. ఉప్మా పెసరట్టు తెప్పించుకోండి, అల్లం పచ్చడి అడిగి వేయించుకోండి. మండపంలో టిఫిను ఉండగా బయట తినడమేమిటని పెద్దవారు కోప్పడితే, నడకకు వెళ్లి ఆలస్యమైందని చెప్పుకోవచ్చు.

ఒక హెచ్చరిక మాత్రం ఇక్కడే చెప్పాలి. ఆర్.కె. బీచ్‌లో స్నానానికి దిగవద్దు. ఒడ్డు దగ్గరే లోతు పెరుగుతుంది, వెనక్కి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి, ఈత వచ్చినవారు కూడా ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలున్నాయి. యారాడ అందమైన తీరమే గాని అక్కడి సముద్రమూ అంతే గడుసుది. పెళ్లికొడుకు స్నేహితులు గుంపుగా వచ్చి పందేలు కాసుకుంటూ దిగడం ప్రతి పెళ్లిళ్ల కాలంలోనూ కనిపించే దృశ్యం కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. నీళ్లలో ఆడాలనే కోరిక ఉంటే రుషికొండకు వెళ్లండి. శుభ్రమైన, భద్రమైన తీరాలకు అంతర్జాతీయంగా ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన తీరం అది. అక్కడైనా జీవరక్షకులు చెప్పిన హద్దు దాటకూడదు.

ఆర్.కె. బీచ్ ఒడ్డున నేను పూర్తి మార్కులు ఇచ్చేది కుర్సురా జలాంతర్గామి మ్యూజియానికి. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969లో మన నౌకాదళంలో చేరి, 2001 వరకు సేవ చేసిన అసలు జలాంతర్గామిని ఇసుక మీదికి చేర్చి 2002లో ప్రజలకు తెరిచారు. లోపలికి అడుగుపెట్టగానే టార్పెడోలు ఉంచే గది వస్తుంది. వాటి పక్కనే, మనిషి ఒత్తిగిలి పడుకోవడానికి కూడా చాలనంత ఇరుకైన పడకలు కనిపిస్తాయి. ఒక అర నుంచి మరో అరకు వెళ్లాలంటే గుండ్రని ఇనుప ద్వారంలో ముందు ఒక కాలు వేసి, తల వంచి, నడుము మడిచి, ఆ తరువాత రెండవ కాలు లాక్కోవాలి. గోడలన్నీ గొట్టాలు, మీటలు, చక్రాలే. వంటగది అంటూ చూపించే మూల చూస్తే, అంతమందికి అక్కడ అన్నం ఎలా వండారా అని మన ఇళ్ల ఆడవారు తప్పకుండా ఆశ్చర్యపోతారు. కనుక పట్టుచీరతోనూ, పంచెకట్టుతోనూ ఇక్కడికి రావద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని ఎదురుగా రోడ్డు దాటి టీయూ-142 విమాన మ్యూజియం దగ్గర కూర్చోబెట్టడం మేలు. సముద్రంపై నిఘా కోసం 29 ఏళ్లు ఎగిరిన ఆ భారీ విమానాన్ని బయట నుంచి చూసినా తృప్తిగానే ఉంటుంది. దగ్గరలోనే 1971 యుద్ధ విజయానికి గుర్తుగా నిలిపిన స్మారకం ఉంది. ఆ డిసెంబరులోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి సమీపంలో మునిగిపోయింది. జలాంతర్గామి మ్యూజియానికి సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం దాటాకే తెరుస్తారు కనుక పొద్దున్నే వెళ్లి నిరాశపడకండి.

కైలాసగిరి గురించి ఎక్కువ చెప్పను. శివపార్వతుల పెద్ద విగ్రహాలు, రోప్‌వే, పై నుంచి తీరం వంపు కనబడే చోటు ఉన్నాయి. పిల్లలకు నచ్చుతుంది, సెలవు రోజు సాయంత్రం మాత్రం రద్దీ భరించడం కష్టం.

కైలాసగిరి దాటాక భీమిలి వరకు సాగే తీర రహదారిని చాలామంది కారు అద్దంలోంచి చూసి వెళ్లిపోతారు, నాకు నచ్చనిది అదే. దారిలో తొట్లకొండ మీద ఆగండి. సుమారు రెండు వేల ఏళ్లనాటి బౌద్ధారామం అది. 1976లో నౌకాదళం వారి సర్వేలో బయటపడింది. వాన నీరు నిలవడానికి రాతిలో తొలిచిన తొట్లు, స్తూపం పునాది, భిక్షువులు నివసించిన గదుల వరుసలు నేటికీ స్పష్టంగా కనిపిస్తాయి. చెట్టు నీడ తక్కువ కాబట్టి మధ్యాహ్నం వద్దు. ఇంకా ముందుకు వెళితే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. గాలీ నీరూ వేల ఏళ్లుగా మలచిన ఎర్రని ఇసుక దిబ్బలు అవి, జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందినవి. పెళ్లి ఫోటోల కోసం కొత్త జంటలను ఇక్కడికి తీసుకువస్తుంటారు. ఫోటోలు తీసుకోండి, కానీ అంచులెక్కి మట్టి జారేలా తొక్కవద్దు. ఒకసారి కూలిన గట్టు మళ్లీ రాదు. చివర భీమునిపట్నం. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చివారి పాత సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, ఒడ్డున వలలు బాగుచేసుకునే మత్స్యకారులు, ఇవన్నీ తొందర లేకుండా చూడవలసినవి. కారు దొరకకపోతే రైల్వే స్టేషన్ నుంచి తీరం వెంబడి భీమిలి వెళ్లే 900కె సిటీ బస్సు ఉంది. కిటికీ పక్క సీటు దొరికితే అద్దె కారు కంటే అదే హాయి అని నా అభిప్రాయం.

పెళ్లికి వచ్చి అప్పన్నను చూడకుండా వెళ్లడం ఇక్కడివారికి అసలు రుచించదు. సింహాచలం వరాహ లక్ష్మీనరసింహస్వామిని ఉత్తరాంధ్రలో సింహాద్రి అప్పన్న అంటారు. స్వామి ఏడాది పొడవునా చందనపు పూతలోనే ఉంటారు. నిజరూప దర్శనం వైశాఖ శుద్ధ తదియనాడు, అంటే అక్షయ తృతీయ నాడు, ఒక్క రోజే. ఆ రోజుల్లోనే పెళ్లి ముహూర్తాలూ జోరుగా ఉంటాయి. మీ పెళ్లి ఆ తేదీకి దగ్గరలో పడితే, చందనోత్సవం కోసమే వస్తున్నట్టయితే తప్ప, దర్శనాన్ని రెండు రోజులు అటో ఇటో జరుపుకోండి. కొండ దారిలో ఇరుక్కుని ముహూర్తానికి అందలేకపోవడం కంటే అది నయం. మామూలు రోజుల్లో ఉదయాన్నే వెళితే మొక్కులు చెప్పుకునే కప్పస్తంభాన్ని కౌగిలించుకుని, శిల్పాలను తీరికగా చూసి, కొండ దిగేటప్పుడు కాలాన్ని బట్టి పనసతొనలో అనాసపండో సంపెంగపూలో కొనుక్కుని భోజనాల వేళకు మండపం చేరవచ్చు.

పాత పట్టణంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడిని కూడా వదలవద్దు. అమ్మవారి గర్భాలయానికి పైకప్పు లేదు. భక్తులే స్వయంగా పసుపు కుంకుమలతో పూజ చేసుకోవచ్చు. మార్గశిర మాసంలో, అందులోనూ గురువారాల్లో, వరుసలు వీధులు దాటి ఉంటాయి. పక్కనే కురుపాం మార్కెట్, పూర్ణా మార్కెట్ ఉన్నాయి కాబట్టి ఆఖరి నిమిషంలో తాంబూలాల సరుకులు తేవలసి వస్తే రెండు పనులూ ఒకేసారి ముగుస్తాయి.

అరకు సంగతి అందరూ అడుగుతారు. ఊరి నుంచి దాదాపు 115 కిలోమీటర్లు. ఉదయం బయలుదేరే కిరండోల్ రైలులో సొరంగాల గుండా తూర్పు కనుమలు ఎక్కడం, బొర్రా గుహల్లో సున్నపురాయి స్తంభాలు, అరకు కాఫీ, బొంగులో చికెన్, అన్నీ గొప్పవే. అయినా పెళ్లి రోజున గాని, పెళ్లికి ముందు రోజున గాని అరకు వెళ్లవద్దు. ఘాట్ రోడ్డు మీద తిరుగు ప్రయాణం ఎప్పుడు పూర్తవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. అప్పగింతలయ్యాక ఒక రోజు అదనంగా ఉండి, రాత్రి అక్కడే బస చేసి రావడం సరైన పద్ధతి.

ఇక భోజనం. మొదటగా ఒక విన్నపం: హోటళ్ల మోజులో పెళ్లి భోజనాన్ని నిర్లక్ష్యం చేయవద్దు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, మామిడికాయ పప్పు, నేతి బూరెలు ఆకులో పడితే ఆ రుచి ఏ రెస్టారెంటులోనూ దొరకదు. అయితే మండపంలో శాకాహారమే కదా. రెండో రోజుకల్లా బావమరుదుల జట్టు చేపల కోసం నెమ్మదిగా జారుకోవడం కూడా సహజమే. అటువంటివారికి జగదాంబ దగ్గర దసపల్లా హోటల్లోని దక్షిణ్ బాగుంటుంది. అన్నం, పప్పు, పచ్చళ్లతో నిండు ఆంధ్ర భోజనం, దానితో పాటు రొయ్యల వేపుడు తెప్పించుకోండి. రుషికొండ వైపు ఉన్నవారికి రాజు గారి ధాబాగా పిలిచే సీ ఇన్ ఉంది. అక్కడ చేపల పులుసు, పీతల ఇగురు తినడానికి రావాలి గాని హంగుల కోసం కాదు. మధ్యాహ్నం కొంచెం ముందే వెళ్లండి. చేప ఏదని అడగడానికి ఎక్కడా మొహమాటపడవద్దు. వంజరం, చందువా ఆ రోజు వచ్చినవా, ఐసులో నిలవ ఉన్నవా అని అడిగితే మంచి చోట నిజమే చెబుతారు. కార్తీక మాసపు పెళ్లిళ్లకు వచ్చి, ఇంట్లో నియమం ఉన్నవారు ఈ పేరా వినలేదనుకోండి.

సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్ తప్పనిసరి. బండివాడు మరమరాలు, వేయించిన వేరుశనగలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర ఒక గిన్నెలో వేసి, కారం, ఉప్పు చల్లి, నిమ్మచెక్క పిండి, గరిటెతో టకటకమని నాలుగు దెబ్బలు కొట్టి, కాగితపు పొట్లంలో పోసి ఇస్తాడు. చేతికి అందిన వెంటనే తినాలి; నాలుగు ఫోటోలు తీసేలోపు సముద్రపు గాలికి మెత్తబడిపోతుంది. నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు నిదానంగా తిన్నా నష్టం లేదు.

రాత్రి వినోదం విషయంలో హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చినవారు ఆశలు కాస్త తగ్గించుకోవాలి. పబ్బులు, స్టార్ హోటళ్ల బార్లు ఉన్నాయి గాని ఊరి స్వభావం పెందలాడే నిద్రపోవడం. సముద్రానికి దగ్గరగా కూర్చుని తాపీగా భోజనం చేయాలంటే ది పార్క్ హోటల్లోని బాంబూ బే నాకు ఇష్టమైన చోటు; ఖర్చు ఎక్కువే, పెళ్లిబృందం మొత్తాన్ని వెంటపెట్టుకుని వెళ్లే చోటు కాదు. మద్యం విషయంలో రాష్ట్రంలో కనీస వయసు 21 ఏళ్లు. ఇసుక మీద సీసాలు తెరిస్తే పోలీసులు ఊరుకోరు, మరునాడు ఆ ఇబ్బంది పెళ్లివారి మెడకు చుట్టుకుంటుంది. నా దృష్టిలో ఇక్కడి రాత్రి అంటే భోజనాలయ్యాక బీచ్ రోడ్డు గోడ మీద ఐస్‌క్రీంతో కూర్చోవడమే, అందులోనూ పౌర్ణమి ముందువెనుకల రోజులైతే మరీ బాగుంటుంది. తెల్లవారుజాము ముహూర్తం ముగిసి ఆకలేస్తే రైల్వే స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్ పరిసరాల్లో టీ కొట్లు వెతుక్కోవచ్చు.

ఇంటికి పట్టుకెళ్లడానికి మాడుగుల హల్వా తీసుకోండి. గోధుమ పాలతో, ధారాళంగా నెయ్యి పోసి చేసే ఆ హల్వా ప్రయాణంలో పాడవదు. చిన్నపిల్లలున్న ఇళ్లకు అంకుడు కర్రతో చేసే ఏటికొప్పాక లక్క బొమ్మలు మంచి కానుక, ప్రభుత్వ హస్తకళల దుకాణం లేపాక్షిలో చూడండి.

తిరుగు ప్రయాణం టిక్కెట్టును మాత్రం ఒకసారి జాగ్రత్తగా చదవండి. కొన్ని రైళ్లు విశాఖపట్నం స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్లిపోతాయి. దువ్వాడ గాజువాక అవతల ఉంది. రుషికొండ మండపం నుంచి సామానుతో అక్కడికి చేరడానికి ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు దాటాలి కాబట్టి, అప్పగింతల ఫోటోల దగ్గర ఎంత బలవంతం చేసినా రెండు గంటల ముందే కారు ఎక్కండి.