చందుర్తి చేలో నేను ఓడిపోయిన మధ్యాహ్నం

వేదిక మీదున్న పెద్దలకి, లైబ్రేరియన్ గారికి, స్కూలు నుంచి మాస్టార్లతో వచ్చిన పిల్లలకి, అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలు కదా, పుస్తకాలు చదవడం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు, కాగితం కూడా రాసుకొచ్చాను, కానీ వారం నుంచి నా బుర్రలో ఇంకో విషయం తిరుగుతోంది, అది చెప్పకుండా దిగిపోతే నా మనసు ఊరుకోదు. అందుకని కాగితం జేబులో పెట్టేస్తున్నా, క్షమించాలి.

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా బావా నేనూ యుద్ధం ఆడాం. బావంటే చుట్టరికం కాదండి, హైస్కూలు నుంచీ అలాగే పిలుచుకుంటాం, డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. భోజనాలయ్యాక మంచం మీద ప్లైవుడ్ చెక్క వేశాడు, దాని మీద తనే గీసిన పొలాల మ్యాపు, సైనికులకి చొక్కా గుండీలు, ఒక్కో గుండీ వందమంది లెక్క, ఫిరంగులకి అగ్గిపుల్లల ముక్కలు, దూరం కొలవడానికి టైలర్ టేపు, ఇంక పాచికలు. టేబుల్‌టాప్ వార్‌గేమ్ అంటారు దీన్ని.

యుద్ధం ఏదీ? 1758 డిసెంబరు, చందుర్తి. ఎక్కడిదో కాదమ్మా, మన గొల్లప్రోలు పక్క చందుర్తే. ఫ్రెంచివాళ్ళకి సేనాని కాన్‌ఫ్లాన్స్, ఇంగ్లీషువాళ్ళకి కర్నల్ ఫోర్డ్, ఫోర్డ్ పక్కన విజయనగరం ఆనందరాజు గారి సైన్యం. ఆ ముందటేడు జనవరిలోనే బొబ్బిలి యుద్ధం, అది మీ అందరికీ తెలుసు, తాండ్ర పాపారాయుడు అనగానే ఈ పిల్లలు కూడా తలూపుతున్నారు చూడండి. మరి చందుర్తి ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ఊఁ... ముగ్గురు. ఆ ఊరు ఇక్కణ్ణించి బస్సెక్కితే దిగే ఊరు.

నన్ను కాన్‌ఫ్లాన్స్‌గా ఉండమన్నాడు బావ. నా వైపు యూరోపియన్లు సుమారు 500, సిపాయిలు, అంటే వాళ్ళ కొలువులో ఉన్న మన దేశం మనుషులు, 6000, ఫిరంగులు 30 పైనే. వాడి వైపు యూరోపియన్లు 470, ఈస్టిండియా కంపెనీ సిపాయిలు 1900, ఫిరంగులు 6, అవి కాక రాజుగారి మనుషులు. ఆ లెక్క చూసి, ఏంరా బావా నాకు ఇంత బలం ఇచ్చావేంటి అన్నాను. ముందు ఆడరా, తర్వాత చదువుదువు గాని అన్నాడు.

రూల్సు సింపుల్‌గానే ఉంటాయి. ఒక ఎత్తులో ఇంత దూరమే కదలాలి, కాల్పుల్లో గుండీకో పాచిక వేస్తే 5 గానీ 6 గానీ పడితే దెబ్బ తగిలినట్టు, సగం మంది పోతే ఆ దళం నిలబడుతుందా పారిపోతుందా అన్నదానికి మళ్ళీ పాచిక. ఇంకోటుంది, ఇది గుర్తుపెట్టుకోండి, ఎదుటివాడు పారిపోతే మనవాళ్ళు ఆగరు, తరుముకుంటూ పోవాల్సిందే, మనం ఆపుదామన్నా కుదరదు.

నాకు ఎదురుగా ఓ పక్కన ఎర్ర గుండీలు కనపడ్డాయి. ఎర్రకోట్లంటే ఇంగ్లీషు పటాలమే కదా, దాన్ని విరగ్గొడితే మిగతావాళ్ళు వాళ్ళే పోతారని నా యూరోపియన్ పటాలాన్ని తిన్నగా వాటి మీదకి తోలేశాను. రెండు ఎత్తుల్లో ఎర్ర గుండీలు వెనక్కి పరుగు. నా ఆనందం ఏం చెప్పను! రూలు ప్రకారం నావాళ్ళు తరుముతున్నారు, వరస చెదిరిపోయింది, ఫిరంగులేమో ఎక్కడో వెనకాల ఉండిపోయాయి. అప్పుడు బావ, చెక్క మధ్యలో చేను కింద పరిచిన ఆకుపచ్చ గుడ్డ పట్టుకుని నెమ్మదిగా లేపాడు. దాని కింద ఐదు ఎర్ర గుండీలు.

ఇంగ్లీషు పటాలం అక్కడుందండి! నేను తరిమింది సిపాయిల్ని. బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలకి కూడా ఎర్రకోట్లే. అసలు పటాలం ఎత్తుగా పెరిగిన చేను చాటున ఉంది, పక్కకి తిరిగి చెదిరిపోయిన నా వాళ్ళ మీద కాల్పులు మొదలెట్టింది, టీ వచ్చేసరికి నా పని అయిపోయింది. అప్పుడు బావ పుస్తకం తీసి పేజీ చూపించాడు. కాన్‌ఫ్లాన్స్ సైన్యం చేసింది అక్షరాలా అదే. ఎర్రకోట్లు చూసి పొరబడ్డం, తరమడం, చేను అడ్డం రావడం, అన్నీ. నాకు ఒళ్ళు జలదరించింది. నలభై ఏళ్ళు చరిత్ర పుస్తకాలు చదివినవాణ్ణి, "ఫ్రెంచివారు ఓడిపోయిరి" అన్న ముక్క ఎన్నిసార్లు చదివుంటాను, ఎందుకు ఓడారో ఆ రోజు నా చేతికి తెలిసింది.

ఆ ఓటమి తర్వాతే ఫోర్డ్ బందరు మీదకి వెళ్ళాడు, రాజుగారు ఇస్తానన్న డబ్బు దగ్గర పేచీలతో వారాలు పోయాయనుకోండి, అది వేరే కథ, 1759 ఏప్రిల్లో బందరు కోట పడింది, మే నెలలో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ ఇంగ్లీషువాళ్ళకి ఒప్పందం రాసిచ్చాడు, ఫ్రెంచివాళ్ళకి ఈ సర్కారు జిల్లాల్లో చోటు లేకుండా పోయింది. మన జిల్లా ఎవరి కిందకి వెళ్తుందో తేలడంలో ఆ చేనుకి అంత భాగం ఉంది.

ఇప్పుడు నా బాధ చెప్తాను. పిల్లలతో ఈ ఆట ఆడిద్దామని ఒక హాలు అడిగాం. పేరు చెప్పను. పాచికలు వేస్తారట కదా, జూదం అనుకుంటారండి, కుదరదు అన్నారు. మా బావ ఆ చెక్క చంకలో పెట్టుకుని ఎండలో తిరిగొచ్చాడు, అరవై దాటిన మనిషి. పైసా పందెం లేని ఆట జూదమా? మన పులిజూదంలో పేరులోనే జూదం ఉంది, మరి 3 పులులూ 15 మేకలతో పాత గుళ్ళ అరుగుల మీద గీతలు గీసుకుని ఆడింది ఎవరు? మన తాతలే కదా! ప్రష్యా అని జర్మన్ల పాత రాజ్యం, దాని సైన్యంలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంట్ 1824లో మ్యాపులతో పాచికలతో ఇలాంటి ఆటే తెచ్చి పెడితే అక్కడి జనరళ్ళు దాన్ని ఆఫీసర్లకి ట్రైనింగ్‌గా పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో లివర్‌పూల్‌లో ఒక మేడ మీద నేల మీద గళ్ళు గీసి, నేవీలో చేరిన అమ్మాయిలు ఓడ బొమ్మలు జరుపుతూ జర్మన్ సబ్‌మెరైన్లని ఎలా పట్టాలో కెప్టెన్లకి నేర్పారు. ఆడపిల్లలు వింటున్నారా అమ్మా? ఇరవై ఏళ్ళ పిల్లలు, కెప్టెన్లకి!

సెక్రటరీ గారూ, మీరు టైం చూసుకుంటున్నారు, అయిపోయింది, ఒక్క మాట. ఈ లైబ్రరీలో పేపర్లు చదివే పెద్ద బల్ల ఆదివారం మధ్యాహ్నం ఖాళీగానే ఉంటుంది. అది రెండు గంటలు మాకివ్వండి. ముందు ఆట, తర్వాత ఆ యుద్ధం గురించిన పుస్తకం ఇక్కడి బీరువాలోంచే తీసి చదివిస్తాం. పుస్తకాల గురించి మాట్లాడమన్నారు కదా, నేను మాట్లాడింది అదేనండి.

ఇంకా, ఇక్కడ చందుర్తి నుంచి వచ్చినవాళ్ళు ఎవరన్నా ఉంటే మీటింగ్ అయ్యాక దయచేసి వెళ్ళిపోకండి. బావ మ్యాపు తెచ్చాడు, అదిగో ఆ వెనక కుర్చీలో ఉన్నాడు. చేను ఎక్కడ గీయాలో, గుంటలు ఎక్కడున్నాయో ఆయనకి సరిగ్గా తేలడం లేదట, మీరొచ్చి పెన్సిల్‌తో దిద్ది వెళ్ళండి.