గ్లాసులో కూరగాయ ముందు, పండు తరువాత

అమ్మలకు, అక్కలకు, చెల్లెళ్లకు, వెనుక వరుసల్లో కూర్చున్న అన్నలకు నమస్కారం.

బరువు తగ్గాలనుకునేవారు స్మూతీలో, అంటే మిక్సీలో మెత్తగా తిప్పి చిక్కగా చేసుకునే పానీయంలో, ఏ పండ్లు, ఏ కూరగాయలు వేసుకోవాలో చెప్పమని నన్ను ఈ సభకు పిలిచారు. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. కొవ్వును కరిగించే పండు లేదు, కూరగాయా లేదు. నిమ్మరసం కరిగించదు. తేనె కరిగించదు. పరగడుపున తాగినంత మాత్రాన ఏ రసమూ కరిగించదు. తినేదానికన్నా ఒంట్లో ఖర్చయ్యేది ఎక్కువైనప్పుడే పేరుకున్న కొవ్వు కదులుతుంది. స్మూతీ చేయగలిగిన మేలు ఒక్కటే. తక్కువ కేలరీలతో కడుపు నింపి, మన చేయి బజ్జీల వైపు, బిస్కెట్ల వైపు పోకుండా ఆపుతుంది. అది కూడా సరిగ్గా చేసుకుంటేనే. మన ఇళ్లలో, రోడ్డు పక్క బండ్ల దగ్గర ఇప్పుడు చేస్తున్న తీరు చాలావరకు దీనికి తలకిందులుగా ఉంది. గ్లాసు నిండా పండ్లు, పాలు, చక్కెర ఉంటాయి. కూరగాయ జాడే ఉండదు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీల ఆహారంలో కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలని అందులో చెప్పారు. నాలుగు పాళ్లు కూరగాయలు, ఒక వంతు పండు. నేను స్మూతీకి కూడా ఇదే కొలత వాడమంటాను. ఈ ఒక్క కొలత చేతికి వస్తే ఏ కాలంలో ఏది దొరికినా మీ గ్లాసును మీరే కూర్చుకోగలరు.

పండ్ల సంగతి సీతాఫలంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమంది అడిగేది దాని గురించే. సీతాఫలాల్లో పేరున్న రకానికి పాలమూరు గడ్డ మీది బాలానగర్ పేరే ఉంది. వానాకాలం చివర జాతీయ రహదారి మీద జడ్చర్ల, షాద్‌నగర్ వైపు వెళ్తే గంపలు పెట్టుకుని కూర్చున్న అక్కాచెల్లెళ్లు కనిపిస్తారు. ఆ పండును నేను తక్కువ చేసి మాట్లాడను. దానిలో పీచు ఉంది, పొటాషియం ఉంది, విటమిన్ సి ఉంది. కానీ 100 గ్రాముల గుజ్జులో సుమారు 100 కేలరీలు కూడా ఉన్నాయి. 150 గ్రాముల గుజ్జు, 200 మిల్లీలీటర్ల చిక్కటి గేదె పాలు, రెండు చెంచాల చక్కెర కలిపి తిప్పితే ఆ గ్లాసు 400 కేలరీల దగ్గరికి వెళ్తుంది. రెండు జొన్న రొట్టెలు తిన్నా అంత కాదు. రొట్టెలు తింటే కడుపు నిండుతుంది, ఈ గ్లాసు రెండు నిమిషాల్లో గొంతు దిగిపోయి, గంటకల్లా మళ్లీ ఆకలి వేస్తుంది. అందుకే సీతాఫలాన్ని తినండి, తాగవద్దు. చేతిలో పట్టుకుని, తొన తొనా చప్పరించి, గింజ ఊసి తినేటప్పుడు ఒక్క పండుకే పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ ఆలస్యమే మనకు మేలు. ఇంకొక మాట. గుజ్జు మిక్సీలో వేసేవారు ఒక్క గింజ కూడా మిగలకుండా చూసుకోవాలి. సీతాఫలం గింజలో విషపదార్థాలు ఉన్నాయి. నలిగితేనే అవి బయటికి వస్తాయి. గింజల పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. పేలకు మందని గింజలు నూరి తలకు పట్టించే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. అది పిల్లల కళ్లకు ప్రమాదం, మానుకోండి.

బత్తాయి దగ్గరికి వస్తే, నల్లగొండలో నిలబడి దాని గురించి చెప్పడమంటే నాకు కాస్త గర్వంగానే ఉంటుంది. ఇంత మంచి పండును పండిస్తూ, దానిలోని మేలును పిప్పితో పాటు పారబోస్తున్నాం. బత్తాయి రసం ఒక గ్లాసు రావాలంటే మూడు, నాలుగు కాయలు పిండాలి. పీచు జల్లెడలో ఉండిపోతుంది, తీపి నీళ్లు గ్లాసులోకి వస్తాయి, వాటికి చక్కెర తోడవుతుంది. పండు రసంలోని తీపిని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ చక్కెర లెక్కలోనే వేస్తుంది. పండును పండుగా తింటే ఆ లెక్కలోకి రాదు. కాబట్టి ఒకే ఒక్క బత్తాయి తీసుకోండి. తొక్క తీసి, తొనల మీది పొర అలాగే ఉంచి, గింజలు మాత్రం ఏరేసి మిక్సీలో వేయండి. వేసిన వెంటనే తాగండి. బత్తాయి గుజ్జు నిలవ ఉంటే చేదెక్కుతుంది. ఆ చేదు చూసి పండు చెడ్డదనుకుని చక్కెర కలిపేవారు ఉన్నారు. పండులో తప్పు లేదు, ఆలస్యం వల్ల వచ్చిన చేదు అది.

స్మూతీకి నేను మొదటి పీట వేసేది జామకు. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, పీచు దండిగా ఉంటుంది, తీపి ఓ మోస్తరుగా ఉంటుంది. మరీ మాగనిది, దోరగా ఉన్నది ఎంచుకోండి. గింజలు పంటికి తగలడం ఇష్టం లేకపోతే మధ్య భాగాన్ని చెంచాతో తీసి విడిగా తినేయండి, జల్లెడ మాత్రం పట్టవద్దు. బొప్పాయి రెండోది. 100 గ్రాములకు 40 కేలరీలే, పైగా అది గ్లాసుకు చిక్కదనం ఇస్తుంది. పుచ్చకాయలో కేలరీలు తక్కువే కానీ పీచు కూడా తక్కువే. అది దాహానికి మంచిది, ఆకలికి ఆగదు. ఎండాకాలంలో తాటి ముంజలు దొరికినన్ని రోజులు లేతవి రెండు వేసుకోవచ్చు. నేరేడు పండ్లు వచ్చే ఆ నాలుగు వారాలూ వదలకండి. అరటి, సపోటా, మామిడి కేలరీలు ఎక్కువున్న పండ్లు. కొల్లాపూర్ మామిడి ఇంటికి వస్తే భోజనంలో అన్నం తగ్గించి రెండు ముక్కలు తినండి, దాన్ని మిక్సీ పాలు చేయకండి. కివీ, అవకాడో, బ్లూబెర్రీ కొనలేకపోతున్నామని బాధపడేవారికి చెబుతున్నాను, వాటి అవసరం మీకు లేదు. జామ, ఉసిరి ఉన్న ఇంట్లో విటమిన్ సి కోసం కివీ కొనడం డబ్బు దండగ.

ఇక కూరగాయలు. గ్లాసులో నాలుగు పాళ్లు ఇవే కనుక ఇక్కడ కాస్త నిదానిద్దాం.

కీర దోసకాయ అన్నిటికన్నా సులువైనది. 100 గ్రాములకు 15 కేలరీలు. చెక్కు తీయనవసరం లేదు, బాగా కడిగితే చాలు. చెక్కులోనే పీచు ఎక్కువ. గుమ్మడికాయను మనం పులుసుకు, దప్పళానికి తప్ప వాడం. చెక్కు తీసి ఆవిరి మీద మెత్తబరచిన గుమ్మడి ముక్కలు స్మూతీకి అరటిపండు ఇచ్చే చిక్కదనమే ఇస్తాయి, కేలరీలు మాత్రం నాలుగో వంతే. అరటిపండు లేకుండా స్మూతీ పలుచగా ఉంటుందని అనేవారు ఒక్కసారి ఇలా చేసి చూడండి. క్యారెట్‌ను కూడా ఇలాగే ఉడికించి వేయవచ్చు. బీట్‌రూట్ చిన్న ముక్క చాలు.

సొరకాయ విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను. పచ్చి సొరకాయను స్మూతీలో వేయకండి. బరువు తగ్గిస్తుందని దాని రసం తాగేవారు చాలామంది ఉన్నారు. ఒక్కోసారి కాయ పైకి బాగానే కనిపించినా లోపల చేదుగా ఉంటుంది. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషపదార్థానిది. వాంతులు, రక్త విరేచనాలు అయి, రక్తపోటు పడిపోయి ప్రాణాలు పోయిన ఘటనలు మన దేశంలోనే నమోదయ్యాయి. భారత వైద్య పరిశోధన మండలి దీనిపై నిపుణుల సంఘం వేసింది. చేదు సొరకాయ రసం తాగవద్దని, సొరకాయ రసాన్ని వేరే రసాలతో కలపవద్దని వారు చెప్పారు. కలిపితే చేదు తెలియకుండా పోతుంది కదా, అదే ప్రమాదం. సొరకాయను కూరగా వండుకోండి. వండేముందు కూడా ఒక పచ్చి ముక్క నాలుక చివర పెట్టి చూడండి, చేదు తగిలిందా, కాయ మొత్తం పారేయండి. దోసకాయకూ ఇదే పరీక్ష.

ఆకుకూరల్లో పాలకూర అందరికీ తెలుసు. గంగవాయిలి కూరను చాలామంది మరిచిపోతున్నారు. చేలలో కలుపని పీకి పారేసే ఆ మొక్క ఆకుల్లో ఒమేగా-3 కొవ్వులు ఉన్నాయి. పుల్లగా ఉంటుంది కనుక గ్లాసుకు రుచి కూడా వస్తుంది. మందు కొట్టిన చేలోది మాత్రం తేవద్దు. పాలకూర, గంగవాయిలి రెండింటిలోనూ రాళ్లు కట్టే ఆక్సలేట్లు అనే పదార్థాలు ఎక్కువ. రోజూ గుప్పెళ్లకొద్దీ పచ్చిగా తాగితే మూత్రపిండాల్లో రాళ్లు వచ్చే స్వభావం ఉన్నవారికి ఇబ్బంది. మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి తీసి, ఆ నీళ్లు పారబోసి వాడండి. దానితో ఆక్సలేట్లు కొంత తగ్గుతాయి, ఆకుకు అంటిన మట్టి, క్రిములు కూడా పోతాయి. మజ్జిగతో కలిపితే ఇంకా మంచిది, మజ్జిగలోని కాల్షియం ఆక్సలేటును కడుపులోనే పట్టి ఉంచుతుంది. పుదీనా, కొత్తిమీర ధారాళంగా వేసుకోండి.

మన జిల్లాలో నీళ్ల మాట ఎత్తకుండా ఏ గ్లాసు గురించీ మాట్లాడలేం. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో బోరు నీటి ఫ్లోరైడ్ ఎన్ని ఎముకలను వంచిందో మీకు నేను చెప్పనక్కర లేదు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని లోకమంతటా పేరు పడిందంటే ఆ కష్టం ఎంతదో ఆలోచించండి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీరు తాగడానికి పనికిరాదు. ఆ నీటిని మరిగించినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి స్మూతీకి, కూరగాయలు ఉడికించడానికి మిషన్ భగీరథ నీళ్లే వాడండి. బండి మీది ఐసు ఏ నీటితో చేశారో మనకు తెలియదు, దాన్ని పక్కన పెట్టండి. కాల్షియం, విటమిన్ సి ఉన్న ఆహారం ఎక్కువగా తీసుకోమని ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాల వారికి వైద్యులు చెబుతారు. నేను గ్లాసులో మజ్జిగ, జామ, నిమ్మ వేయమనడంలో ఆ ఆలోచన కూడా ఉంది.

ఇప్పుడు ఒక గ్లాసు కూర్చుకుందాం. కీర ముక్కలు 150 గ్రాములు, ఆవిరి మీద మెత్తబడిన గుమ్మడి 75 గ్రాములు, వేడి నీళ్లలో ముంచి తీసిన పాలకూర 25 గ్రాములు, దోర జామ 60 గ్రాములు, మీగడ తీసిన పెరుగుతో చేసిన మజ్జిగ 100 మిల్లీలీటర్లు, వేలి కొన అంత అల్లం, నాలుగు పుదీనా రెమ్మలు, చిటికెడు ఉప్పు. ముందు ఆకులు, మజ్జిగ కలిపి తిప్పండి, మెత్తబడ్డాక మిగిలినవి వేయండి. నిమ్మరసం చివర, మిక్సీ ఆపాక పిండండి. పెద్ద గ్లాసు నిండుతుంది, మొత్తం 110 కేలరీల చుట్టుపక్కల ఉంటుంది. నక్రేకల్ నిమ్మకాయ ఒకటి పూర్తిగా పిండినా లెక్క పెద్దగా మారదు. చక్కెర, బెల్లం, తేనె వద్దు. ఒక పెద్ద చెంచా తేనెలో 60 కేలరీలకు పైనే ఉంటాయి, ఈ గ్లాసు మొత్తం కేలరీల్లో సగానికి పైగా ఆ ఒక్క చెంచాతోనే అదనంగా వచ్చి పడతాయి. గట్టిగా ఉంచుకుని చెంచాతో తినండి, గటగటా తాగవద్దు. నమిలి తిన్న పండు ఇచ్చినంత తృప్తి అదే పండు రసం ఇవ్వదు.

ఈ గ్లాసులో మాంసకృత్తులు తక్కువ. దీనితోనే పొద్దున గడిపితే పదకొండింటికి కళ్లు తిరుగుతాయి. పక్కన ఉడికించిన గుడ్డు ఒకటి, లేకపోతే గుప్పెడు పెసర మొలకలు, శనగ గుగ్గిళ్లు పెట్టుకోండి. పాలమూరు పల్లీలు వేయాలని ఉంటే పది గ్రాములు వేయండి, అంతకు మించితే ఒక్కో పది గ్రాములకు 55 కేలరీలకు పైగా పెరుగుతూ పోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఈ గ్లాసు దేనికో ఒకదానికి బదులుగా రావాలి. ఉప్మా తిని, చాయ్ తాగి, ఆ పైన స్మూతీ కూడా తాగితే బరువు పెరుగుతారే తప్ప తగ్గరు. సాయంత్రం మిర్చి బజ్జీ సమయానికి తాగి బజ్జీ మానేస్తే ఫలితం ఉంటుంది. రోజుకు 500 కేలరీలు తగ్గించగలిగితే వారానికి అరకిలో వరకు తగ్గవచ్చు. అంతకన్నా వేగంగా తగ్గిస్తామనే వారి మాట నమ్మకండి. తూకం యంత్రం లేని ఇంట్లో నడుము కొలిచే టేపు చాలు. ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని గుర్తు.

చివరగా కొందరికి ప్రత్యేకంగా చెప్పాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఆకుకూరల స్మూతీ మొదలుపెట్టకండి, వాటిలోని పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. గుండె జబ్బుకు రక్తం పలుచబడే మందుల్లో వార్ఫరిన్ వాడేవారికి ఆకుకూరలు ఒక్కసారిగా పెరగడం మంచిది కాదు, వాటిలోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ తీసుకునేవారు భోజనానికి బదులు స్మూతీ తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు, ముందుగా డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచూసుకోండి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది బరువు తగ్గే సమయం కాదు. మందుల చీటీలు తెచ్చుకున్నవారు ముందు వరుసలోకి రండి, ఒక్కొక్కటిగా చూసి మాట్లాడుకుందాం.