ఆటోమేటిక్ స్టవ్ వెలగడం లేదా? ముందు లైటర్ తీయండి

(దృశ్యం: గ్లాస్ టాప్ స్టవ్. నాబ్ తిప్పుతుంటే టిక్ టిక్ శబ్దం. మంట రాదు.)

టిక్ టిక్‌మంటోంది, మంట మాత్రం రావడం లేదు. మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు, అలమరలో మూలకి పడేసిన పాత లైటర్ తీయండి. తేడా ఎక్కడుందో సగం దానితోనే తేలిపోతుంది.

దానికంటే ముందు ఒక మాట. గ్యాస్ వాసన వస్తుంటే వీడియో ఇక్కడే ఆపేయండి. రెగ్యులేటర్ కట్టేసి తలుపులు, కిటికీలు తెరవండి. ఏ స్విచ్చూ వేయొద్దు, ఆపొద్దు కూడా. ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేల మీదే పేరుకుంటుంది. బయటికొచ్చి గ్యాస్ లీక్ హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయండి.

(దృశ్యం: లైటర్‌తో బర్నర్ వెలిగించడం.)

వాసన లేదు కదా? లైటర్‌తో వెలిగించండి. వెలిగిందంటే గ్యాస్ బాగానే వస్తోంది, లోపం స్పార్క్‌లో ఉంది. టిక్ టిక్ నెమ్మదించి ఉంటే స్టవ్ కింద బ్యాటరీ మార్చండి. శబ్దం బాగానే ఉంటే రెగ్యులేటర్ కట్టేసి, లైటు ఆపి చీకట్లో చూడండి. బర్నర్ పక్కన తెల్లటి పింగాణీ కడ్డీ ఉంటుంది. దాని మొన నుంచి బర్నర్ మీదికి స్పార్క్ దూకాలి. పాలు పొంగి, పప్పు పొంగి అక్కడ జిడ్డు చేరితే స్పార్క్ పక్కదారి పడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పింగాణీ చిట్లితే మాత్రం మార్చాల్సిందే. రాత్రి స్టవ్ కడిగితే పొద్దున వెలగదు, మధ్యాహ్నానికి దానంతటదే బాగైపోతుంది. ఇందులో వింతేమీ లేదు, తడి ఆరింది, అంతే.

లైటర్‌తోనూ వెలగకపోతే పక్క బర్నర్ చూడండి. రెండూ వెలగకపోతే సిలిండర్, రెగ్యులేటర్, ట్యూబ్ మడత చూసుకోవాలి. ఒక్కటే మొండికేస్తే దాని జెట్, అంటే బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్న రంధ్రమున్న చిన్న ముక్క, మూసుకుపోయి ఉంటుంది. వెలగనప్పుడల్లా నాబ్ కట్టేసి కాసేపు ఆగి, పోగైన గ్యాస్ పోయాకే మళ్లీ వెలిగించండి.

జెట్‌లో కుట్టుసూది పెట్టి పొడిచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దయచేసి మానేయండి. జెట్ ఇత్తడిది, సూది ఉక్కుది. రంధ్రం పెద్దదైతే గ్యాస్ ఎక్కువొచ్చి, ఆ తర్వాత గిన్నెలన్నీ నల్లబడతాయి.

(దృశ్యం: నాబ్ వదలగానే మంట ఆరిపోవడం.)

కొన్ని స్టవ్‌లలో వెలుగుతుంది, నాబ్ వదలగానే ఆరిపోతుంది. బర్నర్ పక్కన రెండో కడ్డీ ఉందేమో చూడండి. అది థర్మోకపుల్. మంట వేడికి అందులో కొన్ని మిల్లీవోల్టుల కరెంటు పుట్టి, గ్యాస్ వాల్వ్‌ని తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరితే గ్యాస్ కూడా ఆగాలని ఆ ఏర్పాటు. నాబ్ ఇంకొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. అప్పటికీ ఆరిపోతుంటే, చల్లారాక దాని మొన మసి తుడిచి, మంట దానికి తగులుతోందా చూడండి.

(దృశ్యం: నీలం మంట, పక్కన పసుపు మంట.)

ఇక మంట రంగు. నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు మంట, గిన్నె అడుగున మసి కనిపిస్తే గాలి చాలడం లేదన్నమాట. బర్నర్ గొట్టం నోటి దగ్గర దుమ్ము, సాలెగూడు ఉన్నాయేమో చూడండి. అలాంటి మంటతో కార్బన్ మోనాక్సైడ్ కూడా రావచ్చు, కిటికీ తెరిచే ఉంచండి. మంట బర్నర్‌ని వదిలి పైకి లేస్తుంటే గాలి ఎక్కువైనట్టు. టప్‌మని లోపలే మండుతుంటే వెంటనే కట్టేసి, బర్నర్ మూత సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. చారు పొంగినప్పుడు కనిపించే నారింజ మెరుపులకి టెన్షన్ పడకండి, అది ఉప్పులోని సోడియం.

హైదరాబాద్, విజయవాడల్లో పైపు గ్యాస్ ఉన్న అపార్ట్‌మెంట్‌కి మారి, సిలిండర్ స్టవ్‌నే తగిలిస్తే మంట చిన్నగా, నీరసంగా వస్తుంది. పైపు గ్యాస్‌కి పెద్ద రంధ్రమున్న జెట్ కావాలి. దాన్నే మళ్లీ సిలిండర్‌కి పెడితే మంట ఎగసిపడుతుంది. ఇల్లు మారినప్పుడు స్టవ్ బిగించడానికి వచ్చినవాళ్లని జెట్‌లు కూడా మార్చమని అడగండి.