36 సెకన్ల కొండలు

సభలోని పెద్దలకు, అధ్యాపకులకు, ముందు వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

2018 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఈ3 అనే వీడియో గేమ్‌ల ప్రదర్శన సందర్భంగా, గేమ్‌లు తయారుచేసే బెథెస్డా సంస్థ రాబోయే ఒక ఆటకు చిన్న టీజర్ చూపించింది. మబ్బుల నీడలో రాతి కొండలు, వాటి అవతల సముద్రపు ఒడ్డు, వెనుక నుంచి మనకు బాగా తెలిసిన రాగం, చివర 'ది ఎల్డర్ స్క్రోల్స్ 6' అన్న పేరు. అంతా కలిపి 36 సెకన్లు. ఒక మనిషి లేడు, ఒక కత్తి లేదు, విడుదల సంవత్సరం లేదు. ఆ కొండలు ఆ ఆటల కల్పిత లోకంలోని హ్యామర్‌ఫెల్ ప్రాంతానివని చాలామంది అభిమానులు ఊహించుకున్నారు, ఆ ఊహ మీద పటాలు గీశారు, రాళ్ల రంగును బట్టి వాదించుకున్నారు. నేనూ హన్మకొండలో నా గదిలో కూర్చుని ఆ దృశ్యాన్ని ఆపి ఆపి చూసినవాణ్ణే. ఇంతకాలంగా ఆ కొండల మీద మనం పెట్టుకున్న ఆశల గురించి, వాటిని అంటిపెట్టుకుని ఉన్న భయాల గురించి ఈ రోజు మాట్లాడతాను.

ఎల్డర్ స్క్రోల్స్ వరుసలో మొదటి ఆట 'అరీనా' 1994లో వచ్చింది. 'మారోవిండ్' 2002లో, 'ఆబ్లివియన్' 2006లో, 'స్కైరిమ్' 2011 నవంబర్ 11న వచ్చాయి. అంటే మారోవిండ్ నుంచి నాలుగేళ్లకో ఐదేళ్లకో ఒకటి చేతికందేది. స్కైరిమ్ తర్వాత ప్రధాన వరుసలో ఇంకొకటి రాలేదు. నయీంనగర్‌లోని ఒక నెట్ సెంటర్‌లో గంటకింత అని డబ్బు కట్టి నాతోపాటు స్కైరిమ్ ఆడిన మిత్రులు ఇప్పుడు పిల్లలను బడికి దింపి వస్తున్నారు. 2023 జూన్‌లో అమెరికాలో ఒక కోర్టు విచారణలో, మైక్రోసాఫ్ట్ గేమ్ విభాగమైన ఎక్స్‌బాక్స్‌కు అప్పటి అధిపతి ఫిల్ స్పెన్సర్ ఈ ఆటకు ఇంకా ఐదేళ్లకు పైనే పట్టవచ్చని చెప్పారు. 2024 మార్చిలో, ఈ వరుసకు ముప్పై ఏళ్లు నిండినప్పుడు, తొలి రూపాలను తామే ఆడి చూస్తున్నామని తయారీదారులు తెలిపారు. ఆ ఒక్క వాక్యంతో మా మిత్ర బృందం వారం రోజులు సంబరపడింది.

ఇంత సుదీర్ఘమైన నిరీక్షణలో ఒక ప్రమాదం ఉంది. ఆట రాకముందే ప్రతి అభిమాని తన మనసులో ఒక ఆటను పూర్తిగా కట్టుకుంటాడు. రేపు వచ్చే ఆట దానితో పోటీ పడాల్సి వస్తుంది. అందుకే, మనం నిజంగా కోరుకుంటున్నది ఏమిటో ఇప్పుడే తేల్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎవరిని అడిగినా మొదట వచ్చే జవాబు "పెద్ద ప్రపంచం కావాలి" అనే. నేను ఆ మాటతో ఏకీభవించను.

పెద్ద ప్రపంచం ఈ వరుసకు కొత్తేమీ కాదు. 1996లో వచ్చిన 'డాగర్‌ఫాల్'లో వేలకొద్దీ ఊళ్లు ఉన్నాయి. వాటిలో అత్యధిక భాగాన్ని ఒక సూత్రం ప్రకారం కంప్యూటరే అల్లింది. ఒక ఊరు చూస్తే వంద ఊళ్లు చూసినట్టే. ఆ తర్వాత మారోవిండ్ తయారుచేసినప్పుడు వాళ్లు విస్తీర్ణాన్ని బాగా తగ్గించుకుని, వార్డెన్‌ఫెల్ అనే ఒక్క ద్వీపాన్ని తీసుకుని, దాని గుహలను, గుడిసెలను, పుట్టగొడుగుల్లాంటి ఇళ్లను ఒక్కొక్కటిగా చేత్తో పేర్చారు. అందులో దారి చూపే బాణం గుర్తు ఉండదు. ఎవరినైనా దారి అడిగితే, వంతెన దాటాక ఉత్తరానికి తిరుగు, రెండు బండల మధ్య నుంచి వెళ్లు, అక్కడ తలుపు కనిపిస్తుంది అన్నట్టుగా చెబుతారు. అది చదువుకుని వెతుక్కుంటూ పోవాలి. చిన్నప్పుడు మా బాపు నన్ను పక్క ఊరికి పంపుతూ, "చెరువు కట్ట దిగినంక మోదుగు చెట్టు కాడ ఎడమ చేతికి మలగాలె, మక్క చేను ఒడ్డు పట్టుకొని పోతే మీ పెద్దమ్మ ఇల్లే అత్తది" అని చెప్పేవాడు. అలా చెప్పిన దారిలో చెట్టును చూస్తాం, చేనును చూస్తాం, తప్పిపోతే ఇంకొకరిని పలకరిస్తాం. ఆబ్లివియన్‌తో దారి చూపే గుర్తు వచ్చింది, స్కైరిమ్‌లోనూ కొనసాగింది. అది సౌకర్యమే, కాదనను. అయితే బాణాన్ని చూస్తూ నడిచేవాడికి కొండ కనిపించదు. కొత్త ఆటలో కనీసం ఆ గుర్తును ఆపేసినా దారి దొరికేలా పాత్రల మాటలు రాస్తారని నా ఆశ.

ఇక భయం ఎక్కడ మొదలైందో చెబుతాను. 2023 సెప్టెంబర్‌లో అదే సంస్థ 'స్టార్‌ఫీల్డ్' విడుదల చేసింది. వెయ్యికి పైగా గ్రహాలు. ఎంతో ఆశతో ఒక గ్రహం మీద దిగి, పాడుబడిన ఒక స్థావరంలోకి వెళ్లి, మూలలో పడి ఉన్న చీటీ చదివాను. మరికొన్ని గంటల తర్వాత ఇంకో గ్రహం మీద అదే స్థావరం, అదే మూల, అదే చీటీ. ఆ క్షణంలో కలిగిన నిరాశ సాంకేతిక లోపం చూసినప్పుడు కలిగేది కాదు. ఇక్కడ నా కోసం ఎవరూ ఏమీ దాచిపెట్టలేదని తెలిసినప్పుడు కలిగే నిరాశ అది. ఎల్డర్ స్క్రోల్స్ అభిమానుల్లో ఇప్పుడున్న ఆందోళనలో పెద్ద వాటా దీనిదే: ఆ కొండల వెనుక కూడా అదే చీటీ ఉంటుందేమోనని.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ స్కైరిమ్‌లోనే ఉంది. ఉత్తరాన మంచు ఒడ్డున ఫ్రాస్ట్‌ఫ్లో అనే దీపస్తంభం. లోపలికి వెళితే ఒక తల్లి శవం, చెల్లాచెదురైన సామాను, నేలమాళిగలోకి దిగే దారి. ఎవరూ మనకు ఏ పనీ అప్పగించరు. ఇంట్లో దొరికే దినచర్య పుస్తకాలను బట్టి, హబ్ద్ అనే నావికుడు సముద్రాన్ని విడవలేక భార్యను, పిల్లలను తీసుకుని ఇక్కడ కాపురం పెట్టాడని, నేల కింద నుంచి ఏవో చప్పుళ్లు వినిపించాయని తెలుసుకుంటాం. ఆ పిల్లల పేర్లు మాణి, సూడి. మన ఇళ్లలోని ముద్దుపేర్లలా ఉండటం వల్లనో ఏమో, అవి నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. లోపల దొరికిన హబ్ద్ అవశేషాలను పైకి మోసుకొచ్చి దీపస్తంభపు మంటలో వేస్తే మనకు ఒక చిన్న వరం దక్కుతుంది. వేయకపోయినా ఆట అడగదు. మొత్తం ఒక అరగంట కథ. దాన్ని ఒక మనిషి కూర్చుని రాశాడు, మరో మనిషి ఆ పుస్తకాలను సరైన చోట్ల పెట్టాడు.

మన పాలంపేటకు వెళ్లినవాళ్లకు నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి విస్తీర్ణంలో ఏమంత పెద్దది కాదు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది దాని పరిమాణం వల్ల కాదు. ద్వారాల దగ్గర పైకప్పును మోస్తున్నట్టు నిలిచిన మదనికల్లో ఏ ఇద్దరి భంగిమా ఒకటి కాదు. ఒకామె కాలికి ఎత్తు మడమల పాదరక్ష కూడా ఉంటుంది. గుడి చుట్టూ సాగే ఏనుగుల వరుసను తీరిగ్గా చూస్తూ నడిస్తే గంట గడిచిపోతుంది. నేను కొత్త ఆట నుంచి ఆశించేది ఈ పని. కంప్యూటర్ సాయం వద్దని నా ఉద్దేశం కాదు. ఆబ్లివియన్ అడవులు, కొండల రూపురేఖలను మొదట కంప్యూటరే పరిచింది, తర్వాత మనుషులు వాటిని దిద్దుకుంటూ పోయారు. రామప్పలోనూ పునాదిలో పోసిన ఇసుక ఎవరికీ కనబడదు. కనబడే చోట మాత్రం శిల్పి ఉండాలి. ఇప్పుడు మాటలను, బొమ్మలను కూడా పుట్టించే కృత్రిమ మేధ వచ్చాక, ఆ హద్దు ఎక్కడ గీస్తారన్నది అభిమానులందరి ప్రశ్న.

రెండో ఆశ, పాత్ర పోషణకు విలువ ఉండాలన్నది. మారోవిండ్‌లో ఒక సంఘంలో పైకి ఎదగాలంటే ఆ సంఘానికి తగిన నైపుణ్యం మీకు నిజంగా ఉండాలి. స్కైరిమ్‌లో మంత్రవిద్య దాదాపు రాకుండానే వింటర్‌హోల్డ్ విద్యాపీఠానికి అధిపతి కావచ్చు. ప్రపంచాన్ని మింగవచ్చిన డ్రాగన్‌ను చంపి తిరిగొచ్చినా, కోట కాపలావాడు మిమ్మల్ని నిన్న ఊళ్లోకి వచ్చిన బాటసారిలాగే పలకరిస్తాడు. నేను చేసిన పని ఈ లోకానికి తెలియలేదన్న వెలితి అది.

ఈ విషయంలో నాకు ఒగ్గు కథ గుర్తుకొస్తుంది. కొమురవెల్లి మల్లన్న కథ చెప్పే ప్రధాన కథకుడు అందరికీ తెలిసిన కథనే చెబుతాడు. అయినా ముందు కూర్చున్న వాళ్లు ఎక్కడ నవ్వారో, ఎక్కడ కళ్లు తుడుచుకున్నారో గమనించి, ఆ ఘట్టాన్ని సాగదీస్తాడు, ఇంకోదాన్ని కుదిస్తాడు, కండువాను కొంగు చేసుకుని క్షణంలో ఆడమనిషి అవుతాడు, డోలు వాయించేవాడితో వాదానికి దిగుతాడు. కథ మారదు, కానీ మీరు అక్కడున్నారని కథకు తెలుస్తుంది. స్కైరిమ్‌లో 'రేడియంట్' పద్ధతి పేరుతో అంతులేకుండా పుట్టే చిన్న చిన్న పనులున్నాయి. ఫలానా గుహకు వెళ్లు, ఫలానా వస్తువు తీసుకురా. వాటికి మీరు ఎవరైనా ఒకటే. అలాంటివి వంద ఇవ్వడం కంటే, ఆటలో నేను ఎంచుకున్న జాతిని, చేరిన సంఘాన్ని, నేను గతంలో ఆడిన అబద్ధాన్ని గుర్తుంచుకునే పది సంభాషణలు చాలు. 2023లో లారియన్ స్టూడియోస్ వారి 'బాల్డర్స్ గేట్ 3' అటువంటి రచన సాధ్యమేనని చూపించాక, ఆటగాళ్లు ఇంతకంటే తక్కువకు ఒప్పుకోకపోవడం న్యాయమే.

లోపాల గురించి ఎక్కువ చెప్పను. స్కైరిమ్ విడుదలైన కొత్తలో లోపాలు సరిదిద్దే ఒక ప్యాచ్ తర్వాత డ్రాగన్లు వెనక్కి ఎగిరాయి, దాన్ని క్షమించవచ్చు. సోనీ గేమ్ యంత్రం ప్లేస్టేషన్ 3లో, మన ఆటను దాచుకునే సేవ్ ఫైల్ పెరిగే కొద్దీ ఆట నత్తనడక నడిచింది, దాన్ని క్షమించడం కష్టం, ఎందుకంటే ఎక్కువగా ప్రేమించి ఆడినవాడికే ఎక్కువ నష్టం జరిగింది. ఆలస్యమైనా ఫరవాలేదు, సరిగా రానివ్వండి.

డబ్బు సంగతి కూడా అంతే సూటిగా చెప్పాలి. 2006లో ఆబ్లివియన్ గుర్రానికి తొడిగే కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మినప్పుడు అభిమానులు నొచ్చుకున్నారు. 2015 ఏప్రిల్‌లో మాడ్లను, అంటే అభిమానులు ఆటకు చేసే మార్పులు, చేర్పులను, డబ్బుకు అమ్మే ఏర్పాటు చేసి, నిరసన రావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2021లో మైక్రోసాఫ్ట్ బెథెస్డా మాతృసంస్థను కొనుగోలు చేసినప్పటి నుంచి, ఎక్స్‌బాక్స్‌కు పోటీ అయిన ప్లేస్టేషన్ మాత్రమే ఉన్నవాళ్లకు ఈ ఆట అందుతుందా అన్న దిగులు మొదలైంది. మన దగ్గర ఇంకో దిగులు: గ్రాఫిక్స్ కార్డు ధర చూసి వెనక్కి తిరిగే విద్యార్థులు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. తక్కువ స్థాయి కంప్యూటర్ మీద కూడా, అందం కొంత తగ్గినా, నడిచేలా చేయాలని అడగడం అత్యాశ కాదు.

నాకు అన్నిటికంటే దగ్గరైన ఆశను చివరికి ఉంచుకున్నాను. స్కైరిమ్ ఇన్నేళ్లు బతికి ఉండటానికి కారణం దాన్ని తయారుచేసినవాళ్లు మాత్రమే కాదు. 2012 ఫిబ్రవరిలో క్రియేషన్ కిట్ అనే పనిముట్టును అందరికీ ఇచ్చాక, ఎక్కడెక్కడి మనుషులో కొత్త ఊళ్లు కట్టారు, పాత లోపాలు సరిదిద్దారు, అధికారికంగా లేని భాషల్లోకి అనువదించుకున్నారు. అమెరికాలో షిర్లీ కర్రీ అనే పెద్దావిడ ఎనభై దాటిన వయసులో స్కైరిమ్ ఆడుతూ, చూసేవాళ్లను మనవలని పిలుస్తూ వీడియోలు చేశారు. అభిమానులు కోరితే, ఆరో ఆటలో ఆమెను ఒక పాత్రగా చేరుస్తామని 2019లో తయారీదారులు ప్రకటించారు. అభిమాని ఆ ప్రపంచంలో భాగం కాగలడని చెప్పే ఆ వార్త నాకు ఆ టీజర్ కంటే ఎక్కువ ధైర్యాన్నిచ్చింది.

అదే హక్కును తెలుగు కోసం కోరుతున్నాను. స్కైరిమ్‌కు పోలిష్, జపనీస్ వంటి భాషల్లో అధికారిక రూపాలున్నాయి, మనకు లేదు. సంస్థే అనువదించి ఇస్తుందని నేను ఆశపడటం లేదు. మేమే చేసుకుంటాం. అయితే మన లిపిలో గుణింతం, వత్తు హల్లుతో కలిసి కొత్త రూపం తీసుకుంటాయి. అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడం మాత్రమే తెలిసిన సాఫ్ట్‌వేర్ 'స్త్రీ' అన్న మాటను ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది. ఆ అక్షరాలను సరిగా కూర్చే శక్తిని మొదటి నుంచే ఆట లోపల పెట్టకపోతే, తర్వాత మాడ్ చేసేవాళ్లు ఎంత శ్రమపడినా ఫలితం అంతంత మాత్రమే. అందుకే ఈ విన్నపాన్ని ఆట తయారవుతుండగానే పంపాలి. విద్యార్థులు రాసిన లేఖ ముసాయిదా బయటి బల్ల మీద ఉంది, చదివి మార్పులు సూచించండి.

అప్పటిదాకా అభ్యాసం కోసం మేము స్కైరిమ్‌లోని పుస్తకాలను కాగితం మీద తెలుగు చేస్తున్నాం. మొదట తీసుకున్నది డ్రాగన్ భాషలోని మూడు పదాల అరుపు, 'ఫుస్ రో దా'. మూడింటికీ తెలుగు మాటలు చిన్నవిగా, ఒకే ఊపిరిలో అరవగలిగేవిగా ఉండాలి. మొదటిదానికి 'బలం' అని, మూడోదానికి 'తోపు' అని అందరూ ఒప్పుకున్నారు. మధ్యలోని 'రో'కు, అంటే సమతూకానికి, 'నిలకడ' అని ఒకరు, 'తూకం' అని ఒకరు మూడు వారాలుగా వాదించుకుంటున్నారు. మీలో ఎవరికైనా ఇంతకంటే పొట్టి మాట తోస్తే, సభ ముగిశాక నాకు చెప్పండి.