బాబాయి ఆఫీసు ఫోను బిల్లు

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయికి లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఉంది. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడు అక్కడ నా కళ్లన్నీ ఫోనుకు వేసిన తాళం మీదే ఉండేవి. గుండ్రంగా తిప్పే డయల్ రంధ్రంలో బుల్లి తాళంకప్ప వేలాడుతుండేది. తాళంచెవి బాబాయి జేబులో. ఎస్‌టీడీ చేయాలంటే గుమాస్తా ఆయన్ని అడిగి, నోటుబుక్కులో ఊరు, టైము రాసి, అప్పుడు డయల్ తిప్పాలి. నాగ్‌పూర్‌తో పని ఉంటే రాత్రి భోజనాలయ్యాకే మాట్లాడేవారు, అప్పుడు రేటు తగ్గుతుంది కాబట్టి.

ఇప్పుడా భయం ఎవరికీ లేదు. ఒక మొబైల్ కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి కాల్ వెళితే మొదటిది రెండోదానికి నిమిషానికి 14 పైసలు కట్టేది. 2017 అక్టోబరులో అది 6 పైసలైంది, 2021 జనవరి 1 నుంచి సున్నా. మాట్లాడిన నిమిషాలకు విలువ పోయింది. మిగిలింది నెలనెలా కట్టే అద్దె ఒక్కటే. ఆఫీసు ఫోను విషయంలో చాలామంది బోల్తా పడేది ఈ అద్దె దగ్గరే.

బాబాయి దగ్గరకు ఒక సేల్స్ కుర్రాడు వచ్చాడు. "సార్, ఈ వైర్లన్నీ పీకేయండి, ఇంటర్నెట్ ఫోన్లు పెట్టుకోండి, కాల్స్ అన్నీ ఫ్రీ" అన్నాడు. "ఏరా, నువ్వు లెక్కలు చూస్తావు కదా, ఇది చూడు" అని బాబాయి ఆ కాగితం నా చేతిలో పెట్టారు.

ఆఫీసులో ఎనిమిది ఫోన్లున్నాయి. బయటి నుంచి వచ్చే లైన్లు మూడే. మధ్యలో గోడకు, ఆ మూడు లైన్లనూ ఎనిమిది ఫోన్లకు పంచే ఒక పెట్టె, దాన్ని ఈపీఏబీఎక్స్ అంటారు, మా బాబాయికైతే అది ఇంటర్‌కామ్ డబ్బా. అసలు అంకెలు వద్దుగానీ, లెక్క కోసం లైనుకు నెలకు 400 అనుకుందాం. మూడు లైన్లకు 1,200. జీఎస్‌టీ 18 శాతం కలిపితే 1,416. డబ్బా మరమ్మతుకు నెలకు ఇంకో 500 వేసుకున్నా రెండు వేలు దాటదు. కుర్రాడి కాగితంలో మనిషికి ఇంత అని ఉంది. 500 అనుకుంటే ఎనిమిది మందికి 4,000, పన్నుతో 4,720. ఇంటర్నెట్ బిల్లు వేరే! ఫ్రీ అన్నది రెండింతలు దాటింది. కట్టిన పన్ను క్రెడిట్ కింద తిరిగి వస్తుందిగా, అంటే మనం ప్రభుత్వానికి కట్టాల్సిన జీఎస్‌టీలో తగ్గుతుందిగా అంటారు. అది అందరికీ రాదు. కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలో, ఉన్న వ్యాపారికి రాదు, ట్రాన్స్‌పోర్టు వాళ్లకూ వాళ్లు ఎంచుకున్న పద్ధతిని బట్టి రాకపోవచ్చు.

అయినా ఒక వారం ట్రయల్ పెట్టించాం, పాత లైన్లు ఉంచుకునే. మూడోరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు హాయిగా తిరుగుతున్నాయి, కొత్త ఫోన్లు మాత్రం ఒక్కటీ పలకడం లేదు. మోడెమ్ ప్లగ్గు పెట్టిన పాయింటుకు ఇన్వర్టర్ లైనే లేదు మరి. సరిగ్గా అప్పుడే మూలనున్న పాత ఫోను మోగింది. రాగి తీగ ఫోనుకు మన ఇంటి కరెంటుతో పనిలేదు. ఎక్స్చేంజిలో బ్యాటరీలుంటాయి, 48 వోల్టులు ఆ తీగలోనే వస్తాయి. ఇంటర్నెట్ ఫోను పెట్టుకుంటే ఆ బ్యాటరీ ఖర్చు మన నెత్తిన పడుతుంది. మోడెమ్‌కు, రౌటర్‌కు, ఫోన్లకు అన్నింటికీ యూపీఎస్ కావాలి. కొటేషన్‌లో ఆ మాట కనబడదు.

అలాగని రాగి తీగను వెనకేసుకురాను. రోడ్డు తవ్వారంటే లైను ఎప్పుడొస్తుందో చెప్పలేం. తీగ ఫోన్లకు కాలం కూడా చెల్లుతోంది. బ్రిటన్‌లో ఆ వ్యవస్థను 2027 జనవరికల్లా పూర్తిగా మూసేయబోతున్నారు. అసలు 2025 డిసెంబరే గడువు. ఒంటరి వృద్ధులు మెడలో వేసుకునే అత్యవసర బటన్లు చాలా వరకు ఆ తీగల మీదే పనిచేస్తున్నాయని, అదీ ఒక కారణంగా, గడువు పెంచారు.

ఇంటర్నెట్ స్పీడు సరిపోతుందా అని భయపడనక్కర్లేదు. ఒక కాల్‌కు ఇటూ అటూ వంద కిలోబిట్ల చొప్పున ఉంటే చాలు. మాట ముక్కలుముక్కలుగా వినిపిస్తుంటే ముందు వైఫై సంగతి చూడాలి. ఫోన్లకు వైరు వేయించడం మంచిది.

నంబరు విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. బాబాయి నంబరు ప్రతి బిల్టీ మీదా, అంటే లారీ సరుకు రసీదు మీదా, ఉంది, లారీల వెనక పెయింటుతో రాసి ఉంది. మొబైల్ నంబరైతే కంపెనీ మారినా మనతోనే వస్తుంది. ల్యాండ్‌లైన్ నంబరుకు మన దేశంలో ఆ సదుపాయం లేదు. అందుకే ఒక పాత లైను అలాగే ఉంచేశాం.

ఇక మిగిలింది, అసలు ఎన్ని లైన్లు కావాలన్న లెక్క. 1909లో డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే ఆయన, కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ, ఫోను కాల్స్ ఎలా వస్తాయో లెక్కగట్టాడు. ఎంతమందికి ఎన్ని లైన్లు చాలతాయన్నది ఆ లెక్క నుంచే తేలుతుంది. మా గుమాస్తాకు ఎర్లాంగ్ ఎవరో తెలియదు, కానీ వారం రోజులు ఒక బిల్టీ పుస్తకం అట్ట వెనక గీతలు గీశాడు, ఒకే సమయంలో ఎంతమంది ఫోనులో ఉన్నారో. ఎక్కువసార్లు ఇద్దరు, ముగ్గురు. సోమవారం పొద్దున ఒక్కసారి నలుగురు.

ఆ అట్ట పట్టుకుని కుర్రాణ్ణి మళ్లీ పిలిపించాం. మనిషికింత వద్దు, ఒకేసారి నాలుగు కాల్స్ నడిచేలా నాలుగు చానళ్లు చాలు, ఉన్న డబ్బాకే తగిలించు, రాజమండ్రి బ్రాంచికి ఒక ఎక్స్‌టెన్షన్ ఇవ్వు అన్నాను. కాసేపు ఫోనులో వాళ్ల మేనేజరుతో మాట్లాడి, కొత్త కాగితం రాసిచ్చాడు. మొదటిదాంట్లో సగం కూడా లేదు.

బాబాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. "ఈ మాట మొదటే చెప్పలేదేం బాబూ?" అన్నారు.

"మీరు అడగలేదు సార్" అన్నాడు కుర్రాడు.